స్విచ్‌లోని నల్ల వైరు న్యూట్రల్ కాదు

ప్రశ్న: మా పడకగదిలో లైటు స్విచ్ వేసినప్పుడల్లా చిటచిటమని చప్పుడు వస్తోంది. లైటు రెండు మూడు సార్లు మిణుకుమిణుకుమన్నాక గానీ నిలకడగా వెలగడం లేదు. స్విచ్ మీద వేలు పెడితే గోరువెచ్చగా తగులుతోంది. బోర్డు విప్పి చూస్తే ఆ స్విచ్ వెనుక పై టెర్మినల్‌లో రెండు ఎర్ర వైర్లు, కింది టెర్మినల్‌లో ఒక నల్ల వైరు ఉన్నాయి. స్విచ్ ఆపి ఉన్నా ఎర్ర వైర్ల దగ్గర టెస్టర్ వెలుగుతోంది. నలుపంటే న్యూట్రల్ అని విన్నాను. అదే బోర్డులో సాకెట్‌కు వచ్చిన నల్ల వైర్లు మరో రెండు ఉన్నాయి. కొత్త స్విచ్ బిగించేటప్పుడు ఈ నల్ల వైరును కూడా వాటితో కలిపేయాలా? స్విచ్ ఆపాక కూడా ఎల్‌ఈడీ బల్బు చీకట్లో మసకగా వెలుగుతూనే ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? ఈ పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: అన్నిటికంటే ముందు, ఆ నల్ల వైరును సాకెట్ న్యూట్రల్‌తో కలపవద్దు. మీ స్విచ్‌లో ఉన్నది రంగుకు నలుపే గానీ చేసే పనిని బట్టి న్యూట్రల్ కాదు. స్విచ్ నుంచి లైటు దాకా ఫేజ్‌ను, అంటే మెయిన్ నుంచి వచ్చే కరెంటును, మోసుకుపోయే వైరు అది. స్విచ్ వేసి ఉన్నంతసేపూ అందులో ఎర్ర వైర్లలో ఉన్నంత కరెంటూ ఉంటుంది, ముట్టుకుంటే అంతే షాకూ కొడుతుంది. దాన్ని స్విచ్‌లో ఉంచి, సాకెట్ తాలూకు నల్ల వైర్లకు కూడా కలిపారనుకోండి; స్విచ్ ఆపి ఉన్నప్పుడు ఏమీ తెలియదు, వేసిన క్షణంలో మాత్రం ఫేజ్ బల్బు గుండా పోవలసిన అవసరం లేకుండా నేరుగా న్యూట్రల్‌ను అందుకుంటుంది. 230 వోల్టుల దగ్గర 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది ఆంపియరులో పదో వంతు కూడా ఉండదు, అదే షార్ట్ సర్క్యూట్‌లో వైర్ల నిరోధం ఒక్కటే అడ్డు కాబట్టి ఆ క్షణంలో పారేది వందల ఆంపియర్లు. ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే సర్క్యూట్‌ను దానంతటదే తెంపే పంపిణీ బోర్డులోని స్విచ్, సరిగ్గా ఉంటే రెప్పపాటులో పడిపోతుంది. అలా కాక నల్ల వైరును స్విచ్‌లోంచి తీసి న్యూట్రల్‌కు మాత్రమే కలిపితే ప్రమాదం అంతగా ఉండదు గానీ, బల్బుకు రెండు వైపులా న్యూట్రలే అందుతుంది కనుక లైటు ఎన్నటికీ వెలగదు.

ఇది ఎందుకిలా ఉంటుందో తెలియాలంటే లైటు సర్క్యూట్ నడకను ఒకసారి చూడాలి. ఎంసీబీ నుంచి బయలుదేరిన ఫేజ్ స్విచ్ దగ్గరికి వస్తుంది. స్విచ్ వేస్తే అక్కడి నుంచి లైటుకు వెళ్తుంది. లైటులోంచి బయటికి వచ్చి న్యూట్రల్ వైరు గుండా తిరిగి పంపిణీ బోర్డుకు చేరుతుంది. న్యూట్రల్ సాధారణంగా స్విచ్‌ను తాకనే తాకదు, జంక్షన్ బాక్సులోంచి నేరుగా లైటుకు వెళ్లిపోతుంది. అంటే ఒక లైటును ఒకే చోట నుంచి వేసి ఆపే మామూలు స్విచ్ చేసే పనల్లా ఫేజ్ వైరు ఒక్కదాన్ని మధ్యలో తెంపడం, మళ్లీ అతకడం. దాని రెండు టెర్మినళ్లలో ఒకటి ఫేజ్ వచ్చేది, రెండోది ఫేజ్ పోయేది. న్యూట్రల్‌కు అక్కడ చోటే లేదు.

న్యూట్రల్‌ను తెంపినా లైటు ఆరుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆరుతుంది, కానీ ఫేజ్ హోల్డర్‌లోనే కూర్చుని ఉంటుంది. స్విచ్ ఆపేశానన్న ధీమాతో బల్బు మార్చడానికి వేలు పెట్టిన మనిషికి ఆ ఫేజ్ తగులుతుంది. స్విచ్ ఎప్పుడూ ఫేజ్‌లోనే ఉండాలన్న నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇక రంగుల విషయం. గోడలోని పైపులోంచి వైర్లు లాగినవాళ్లు చేతిలో ఏ రంగు చుట్ట మిగిలి ఉంటే దాన్ని స్విచ్ నుంచి లైటుకు వాడేయడం ఎంత మామూలు విషయమంటే, తెరిచిన ప్రతి పాత బోర్డులోనూ ఇలాంటిది ఒకటి కనిపిస్తుందని అనుకోవడమే మంచిది. పైగా రంగుల నియమాలు అన్ని చోట్లా, అన్ని కాలాల్లోనూ ఒకటి కావు. బ్రిటన్‌లో ఎరుపు ఫేజ్‌గా, నలుపు న్యూట్రల్‌గా దశాబ్దాలు నడిచాక 2004 నుంచి గోధుమరంగు ఫేజ్‌కు, నీలం న్యూట్రల్‌కు వచ్చాయి. అమెరికాలో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. భారతదేశంలో వాడుకలో ఉన్న పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజ్‌లే. అక్కడి నీలం ఫేజ్ అయితే యూరప్‌లోని నీలం న్యూట్రల్. ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్న వైరు ఎర్త్ అన్నది ఒక్కటే చాలా చోట్ల నమ్మదగిన సంగతి, అది కూడా వైరింగ్ చేసినవారు నియమం పాటించి ఉంటేనే. కాబట్టి వైరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అన్నదే దాని పేరును నిర్ణయిస్తుంది. రంగు ఒక సూచన మాత్రమే. మీరు విప్పబోయే నల్ల వైరు చివర ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టి పెడితే, మీ తరువాత ఆ బోర్డు విప్పేవారికి ఈ సందేహం రాదు.

పై టెర్మినల్‌లో రెండు ఎర్ర వైర్లు ఉండడం తప్పు కాదు. ఒకటి ఫేజ్‌ను తెస్తోంది, రెండోది అదే ఫేజ్‌ను అక్కడి నుంచి పక్క స్విచ్‌కో సాకెట్‌కో మరో గది బోర్డుకో అందిస్తోంది. దీన్నే లూపింగ్ అంటారు. ప్రతి స్విచ్‌కూ విడిగా ఫేజ్ లాగే బదులు ఒకదాని నుంచి ఒకదానికి లూపు వేసుకుంటూ పోతారు. కొత్త స్విచ్‌లో కూడా ఈ రెండు వైర్లూ ఒకే టెర్మినల్‌లోకి పోవాలి. రెండు టెర్మినళ్లు, మూడు వైర్లు ఉన్నాయి కదా అని ఒక ఎర్ర వైరును నల్ల వైరు పక్కకు మార్చితే ఏమవుతుందో చూడండి. మారింది ఫేజ్ తెచ్చే వైరైతే స్విచ్‌తో నిమిత్తం లేకుండా లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆ లూపు చేరే తరువాతి బోర్డు మాత్రం ఈ స్విచ్ వేస్తేనే పనిచేస్తుంది. మారింది ముందుకు పోయే వైరైతే లైటు మామూలుగానే ఉంటుంది గానీ ముందున్నవన్నీ ఈ స్విచ్ మీద ఆధారపడతాయి. స్విచ్ మార్చాక వేరే గదిలో ఫ్యాను ఆగిపోయిందన్న ఫిర్యాదులకు చాలాసార్లు మూలం ఈ లూపు వైరే. ఒకటి జారిపోయి ఉంటుంది, లేదా తప్పు టెర్మినల్‌లో పడి ఉంటుంది.

మీ స్విచ్ చెడిపోయిందన్న అనుమానం మాత్రం సరైనదే. మిణుకుమనడం ఒక్కటే అయితే బల్బునో హోల్డర్‌నో అనుమానించి, ముందు బల్బు మార్చి చూడమని చెప్పేవాణ్ణి. ఇంట్లో లైట్లన్నీ కలిసి మిణుకుమంటూ ఉంటే అది అసలు స్విచ్ సమస్యే కాదు. మెయిన్ దగ్గర న్యూట్రల్ వదులై ఉండవచ్చు, దానికి వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కానీ మీరు చెప్పిన చప్పుడు, వేడి రెండూ స్విచ్ దగ్గరే ఉన్నాయి. చిటచిటమనేది ఆర్క్, అంటే రెండు లోహపు ముక్కలు పూర్తిగా ఆనకుండా వాటి మధ్యనున్న గాలి గుండా కరెంటు దూకినప్పుడు వచ్చే చప్పుడు. ఇది రెండు చోట్ల పుట్టవచ్చు: స్విచ్ లోపల అరిగిన కాంటాక్టుల మధ్య, లేదా వెనుక వదులైన స్క్రూ కింద. స్క్రూ వదులైతే అక్కడ నిరోధం పెరిగి వేడెక్కుతుంది, వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడినకొద్దీ నిరోధం ఇంకా పెరుగుతుంది. ఒక్క బల్బు తీసుకునే కరెంటుకు అంత వేడి రావడం అరుదే గానీ, మీ టెర్మినల్‌లో లూపు వైరు కూడా ఉంది. ముందున్న సాకెట్‌లోనో గదిలోనో వాడే కరెంటు అంతా ఆ స్క్రూ కిందుగానే పోతోంది. స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా వెచ్చగా ఉంటే తప్పు ఆ స్క్రూ దగ్గరే అని దాదాపు తేల్చుకోవచ్చు.

స్విచ్ నొక్కగానే టక్కున పడడం గురించి ఒక మాట. ఆ టక్కు వెనుక ఒక స్ప్రింగు ఉంటుంది. మన వేలు ఎంత నెమ్మదిగా నొక్కినా, ఒక హద్దు దాటగానే స్ప్రింగు తన వేగంతో కాంటాక్టులను కలుపుతుంది, విడదీస్తుంది. ఆర్క్ సాగడానికి వ్యవధి ఇవ్వదు. ఇలా చటుక్కున తెగే స్విచ్‌ను 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు రూపొందించాడు, ఇప్పటికీ గోడల మీద ఉన్న మామూలు స్విచ్‌లన్నిటి లోపలా ఆ ఆలోచనే ఉంది. మీ స్విచ్ నొక్కితే ఆ టక్కు మెత్తబడి, మధ్యలో ఎక్కడో నిలిచిపోతున్నట్టు అనిపిస్తే స్ప్రింగు పని అయిపోయినట్టే. దాన్ని విప్పి బాగుచేయాలనుకోవడం వృథా శ్రమ, మార్చేయడమే దారి.

మీరే చేసుకోవచ్చా అన్నదానికి నా సమాధానం, చేసుకోవచ్చు, కానీ కరెంటు లేదని రుజువు చేసుకున్నాకనే. ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల్లో లైసెన్సు లేనివారు స్విచ్ మార్చడం చట్టరీత్యా నిషిద్ధం కాబట్టి మీరున్న చోటి నియమం కూడా చూసుకోండి. స్విచ్‌ను ఆపడం కరెంటును ఆపడం కాదని మీ టెస్టర్ ఇప్పటికే మీకు చూపించింది: ఫేజ్ వచ్చే టెర్మినల్ ఎప్పుడూ సజీవంగానే ఉంటుంది. ఆ లైటుకు చెందిన ఎంసీబీ ఒక్కటి ఆపినా చాలదు, ఎందుకంటే ఒకే బోర్డులో లైటు ఒక ఎంసీబీ మీద, సాకెట్ మరో ఎంసీబీ మీద ఉండడం సాధారణం. మెయిన్ ఆపేయండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో చిక్కు ఉంది: మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది తన బ్యాటరీ నుంచి లైట్లకు కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. కాబట్టి దాన్ని కూడా ఆపి, దాని అవుట్‌పుట్‌ను విడదీయాలి. మీరు పని చేస్తున్న సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. ఫ్యాను ఆగిందని ఎవరో వెళ్లి మెయిన్ వేయడం ఊహించలేని విషయం కాదు. ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను తెంపే పరికరం) ఉంది కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు. కరెంటు శరీరం గుండా భూమిలోకి పోతేనే అది కనిపెట్టగలదు. ఒక చేయి ఫేజ్‌నూ మరో చేయి న్యూట్రల్‌నూ తాకితే, అది మనిషిని కూడా ఒక బల్బుగానే లెక్కవేసి ఊరుకుంటుంది.

ఇప్పుడు టెస్టర్. అది వెలగడానికి మన శరీరం గుండా అతి స్వల్పమైన కరెంటు పోవాలి. మందపాటి రబ్బరు చెప్పులు వేసుకుని పొడి చెక్కబల్ల మీద నిలబడితే ఆ కొద్దిపాటి కరెంటుకూ దారి దొరక్క దీపం వెలగకపోవచ్చు. పట్టపగటి వెలుతురులో వెలిగినా కనిపించకపోవచ్చు. టెస్టరే చెడిపోయి ఉండవచ్చు. వెలిగితే కరెంటు ఉందని భావించాలి గానీ, వెలగకపోతే లేదని నిర్ధారించుకోకూడదు. అందుకే మెయిన్ ఆపక ముందు కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టర్ పెట్టి వెలుగుతోందని చూడండి. మెయిన్ ఆపాక స్విచ్ టెర్మినళ్లు రెండిటినీ, సాకెట్ రంధ్రాలను, బోర్డులో కనిపించే ప్రతి స్క్రూనూ పరీక్షించండి. తరువాత మెయిన్‌తో సంబంధం లేని, కరెంటు ఉన్న చోట ఏదైనా ఉంటే అక్కడ మళ్లీ ఒకసారి పెట్టి టెస్టర్ ఇంకా పనిచేస్తోందని రూఢి చేసుకోండి. మల్టీమీటర్ ఉంటే ఏసీ వోల్టుల్లో పెట్టి ఫేజ్ టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చూడడం ఇంకా మేలు.

స్విచ్ మార్చడం దీనితో పోలిస్తే చిన్న పని. వైర్లు విప్పకముందు ఫోనుతో రెండు ఫొటోలు తీయండి, పై టెర్మినల్‌లోని వైర్ల జంటకు టేపుతో గుర్తు పెట్టండి. కొత్త స్విచ్ మీద రాసి ఉన్న ఆంపియర్లు పాతదానికి తగ్గకుండా ఉండాలి. లైట్లకు సాధారణంగా 6 ఆంపియర్లది చాలు. దాని వెనుక మూడు టెర్మినళ్లు కనిపిస్తే అది టూ వే స్విచ్, అంటే మెట్ల లైటులా ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆపడానికి వాడేది. దాన్నే వాడవలసి వస్తే ఫేజ్‌ను కామన్ అని గుర్తున్న టెర్మినల్‌లో, లైటు వైరును మిగిలిన రెండిటిలో ఒకదానిలో పెట్టవచ్చు. మీ పాత స్విచ్‌కు రెండే ఉన్నాయి కాబట్టి రెండు టెర్మినళ్ల స్విచ్ తీసుకుంటే సరిపోతుంది.

తీసిన వైరు కొసలను శ్రద్ధగా చూడండి. రాగి నిగనిగలాడుతూ ఉంటే సరే. గోధుమరంగుకో నలుపుకో తిరిగి, ఇన్సులేషన్ పెళుసుబారి ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి, లోపలి మంచి రాగి కనిపించేదాకా వెనక్కు వెళ్లాలి. కాలిన రాగిని కొత్త స్విచ్‌లో బిగిస్తే జబ్బును కూడా దానితోపాటే బిగించినట్టు. ఇన్సులేషన్‌ను ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మేర తీస్తే చాలు. కత్తితో గీస్తే పోగులు తెగుతాయి, వైర్ స్ట్రిప్పర్ వాడడం మంచిది. పోగులను బిగువుగా మెలిపెట్టి, పై టెర్మినల్‌లోకి వెళ్లే రెండు వైర్లనూ పక్కపక్కన కలిపి ఒకేసారి లోపలికి తోయండి. ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు, అలాగే స్క్రూ రాగిని పట్టుకోవాలి గానీ ఇన్సులేషన్‌ను కాదు. ఒంటరిగా వెళ్లే నల్ల వైరు సన్నగా ఉండి టెర్మినల్ రంధ్రం పెద్దదైతే, కొసను రెండు మడతలు చేసి పెడితే స్క్రూకు పట్టు దొరుకుతుంది. బిగించాక ప్రతి వైరునూ విడివిడిగా లాగి చూడండి. రెండు వైర్లున్న చోట ఒకటి గట్టిగా పట్టి రెండోది వదులుగా ఉండిపోవడం తరచుగా జరిగేదే, మీ పాత స్విచ్‌లో జరిగింది కూడా బహుశా అదే. ఇనుప బాక్సు గానీ ఇనుప ప్లేటు గానీ ఉంటే దానికి వచ్చిన ఎర్త్ వైరును తిరిగి దాని స్క్రూకే బిగించండి. స్విచ్ టెర్మినళ్లతో దానికి పని లేదు. వైర్లను నలగకుండా లోపలికి సర్ది ప్లేటు బిగించి, ఆ తరువాతే మెయిన్ వేయండి.

లైటు వెలిగితే పని అయిపోలేదు. లూపు మీద ఆధారపడ్డ పక్క స్విచ్‌లు, సాకెట్, ముందు గది లైట్లు అన్నీ పనిచేస్తున్నాయా చూడండి. మామూలుగా వాడుకుంటూ ఓ గంట తరువాత స్విచ్ మీద వేలు పెట్టండి, వెచ్చదనం ఉండకూడదు. ఉంటే లూపు మీద పడుతున్న బరువు ఎక్కువన్న మాట. ఇస్త్రీ పెట్టె, నీళ్ల హీటరు లాంటివి లైటు సర్క్యూట్‌కు తగిలించి ఉన్నాయేమో చూసుకోండి. వైర్లు అల్యూమినియంవైనా, ఇన్సులేషన్ పైపు లోపలి దాకా మాడి కత్తిరించడానికి పొడవు చాలకపోయినా, బాక్సులో తేమ కనిపించినా అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి. అల్యూమినియం వైరు స్క్రూ కింద క్రమంగా సాగి వదులవుతుంది. రాగికి వాడే స్విచ్‌లో దాన్ని బిగించి ఊరుకోకూడదు.

ఆపాక మసకగా వెలిగే బల్బుకు కారణం చాలావరకు నిరపాయమైనదే. ఫేజ్ వైరూ లైటు వైరూ ఒకే పైపులో చాలా దూరం పక్కపక్కన నడిస్తే, స్విచ్ తెగి ఉన్నా ఫేజ్ వైరు నుంచి లైటు వైరులోకి అతి స్వల్పంగా కరెంటు చేరుతుంది. పాత ఫిలమెంటు బల్బు దాన్ని పట్టించుకునేది కాదు గానీ ఎల్‌ఈడీకి ఆ కాస్తా చాలు. స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ దీపం ఉన్నా, పాత స్విచ్ లోపల మసి పేరుకున్నా ఇదే జరుగుతుంది కాబట్టి స్విచ్ మారాక మసక వెలుతురు దానంతటదే పోవచ్చు. పోకపోతే వేరే రకం బల్బు పెట్టి చూడండి, లేదా ఎలక్ట్రీషియన్ చేత లైటు దగ్గర ఒక చిన్న కెపాసిటర్ పెట్టించుకోవచ్చు. అయితే స్విచ్ న్యూట్రల్‌లో ఉన్నా ఎల్‌ఈడీ ఇలాగే మసకగా వెలుగుతుంది, ఆ అవకాశాన్ని తోసిపుచ్చకుండా వదలకూడదు. మీరు టెస్టర్ పెట్టినప్పుడు బల్బు హోల్డర్‌లోనే ఉండి ఉంటే ఆ పరీక్ష ఈ సందేహాన్ని తీర్చదు, ఎందుకంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉన్నా హోల్డర్‌లోని ఫేజ్ బల్బు గుండా స్విచ్ దాకా దిగివచ్చి టెస్టర్‌ను వెలిగిస్తుంది. మెయిన్ ఆపి బల్బు తీసేసి, మళ్లీ మెయిన్ వేసి, లైటు స్విచ్ ఆపి ఉంచి, ప్లేటు విప్పకుండా స్విచ్ ముఖాన స్క్రూ రంధ్రం అందుబాటులో ఉంటే అందులోంచి, లేకపోతే ఎలక్ట్రీషియన్ చేతనే, ఎర్ర వైర్ల టెర్మినల్‌ను పరీక్షించండి. అప్పుడూ టెస్టర్ ప్రకాశంగా వెలిగితే స్విచ్ ఫేజ్‌లోనే ఉంది. ఏ టెర్మినల్ దగ్గరా వెలగకపోతే ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయని అర్థం. దాన్ని సరిచేయవలసింది జంక్షన్ బాక్సు దగ్గరో పంపిణీ బోర్డు దగ్గరో గానీ స్విచ్ దగ్గర కాదు. అది సరయ్యేదాకా ఆ హోల్డర్‌లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపాకే మార్చండి.